మన గంట మన ఆస్తి: గిడుగు రామమూర్తి జీవితం చెప్పే అప్పమాదం



విహారంలోనో, ఎవరింటి అరుగు మీదనో నలుగురం కూర్చున్నప్పుడు మనలో ఎక్కువగా వినపడే మాట ఏది? టైం లేదన్న మాట. ఆదివారం వందనకు రమ్మంటే టైం లేదు. పిల్లాడి పుస్తకం పది నిమిషాలు తీసి చూడమంటే టైం లేదు. బాబాసాహెబ్ రాసిన బుద్ధుడు - ఆయన ధమ్మం ఇంట్లో ఉంటుంది. నలభయ్యో పేజీలో గుర్తు పెట్టి ఉంటుంది. ఆ గుర్తు రెండేళ్లుగా అక్కడే ఉంటుంది.

మీరు అబద్ధం చెప్తున్నారని అనడం లేదు. అరకు లోయలో కాఫీ పండ్ల కోత మొదలైతే మంచు విడవక ముందే తోటకి పోవాలి. వారానికో రోజు సంతకి పోతుంది. ఆడవాళ్లకైతే నీళ్లు, కట్టెలు, వంట, పిల్లలు, ఆ పైన కూలి. ఆఫీసులో ఒక కాగితం కోసం పోతే పొద్దంతా అక్కడే. ఇదంతా నిజమే. అయితే ఒక్కసారి ఆలోచించండి. ఇన్ని పనుల మధ్య ఏ పని మన జీవితాన్ని మార్చగలదో, ఆ పనికే ప్రతిసారీ టైం లేకుండా పోతోంది. ఎందుకని?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈసారి మన కొండల్లోనే తిరిగిన ఒక పెద్దాయన జీవితం చెప్పుకుందాం. ఆయన మన కులంవాడు కాదు, మన మార్గంలో నడిచినవాడూ కాదు. అయినా ఎందుకు చెప్పుకోవాలో చివర్లో చూద్దాం.

టైం ఎవరి చేతిలో ఉండేది?

ముందుగా ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. కొండ జనానికి టైం విలువ తెలీదని కింద ఊళ్లవాళ్లు అంటుంటారు. అది తప్పు. తొలకరి పడగానే ఏ చెలక ముందు దున్నాలో, రాగి ఎప్పుడు చల్లాలో, సామ ఎప్పుడు కొయ్యాలో కొండ రైతుకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? నేల తడిగా ఉన్నప్పుడు విత్తనం పని ముందు, చుట్టరికం తర్వాత. ఏది ముందు, ఏది తర్వాత అనే లెక్క మన తాతలకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

జరిగిందేమిటంటే మన టైంని మన దగ్గర ఉంచలేదు. పాత విశాఖ ఏజెన్సీలో, కొరాపుట్ వైపు గొత్తి అనే పద్ధతి ఉండేది. సాహుకారు దగ్గర కొద్దిపాటి అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా అతని దగ్గరే పని చెయ్యాలి. వడ్డీ పెరుగుతుంది, పని తరగదు. తండ్రి పోతే కొడుకు ఆ పనిలోకి దిగాలి. అంటే అప్పిచ్చినవాడు కొన్నది పనిని కాదు, మనిషి జీవితకాలాన్ని. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరగబడడానికి ఉన్న కారణాల్లో ఘాట్ రోడ్ల పనిలో జరిగిన కూలి దోపిడీ ఒకటి. మైదానంలో మాల మాదిగ పల్లెల్లో వెట్టి చాకిరీ కూడా ఇంతే. పిలిచిన వేళకి పోవాలి, పొమ్మన్న వేళకి రావాలి.

బాబాసాహెబ్ ఈ సంగతి బాగా ఎరిగినవారు. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు ఫ్యాక్టరీల చట్టానికి సవరణ తెచ్చారు. 1946లో వచ్చిన ఆ సవరణతో ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48 గంటలకు తగ్గింది. ఎందుకంటే మనిషికి తనదైన గంట ఉంటేనే చదువుకుంటాడు, సంఘం పెట్టుకుంటాడు, ఆలోచిస్తాడు. కాబట్టి మన చేతికి వచ్చిన గంట ఊరికే వచ్చింది కాదు, పోరాడితే వచ్చిన ఆస్తి. భూమి పట్టా కాగితాన్ని పెట్టెలో దాచుకుంటాం గదా, గంటని మాత్రం ఎక్కడ పడితే అక్కడ పారేస్తాం.

వంశధార ఒడ్డున పుట్టిన పిల్లవాడు

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. అది వంశధార నది పారే చోటు. అదే నది ఇంకా కిందికి, సముద్రం వైపు పోతే ఒడ్డున శాలిహుండం వస్తుంది. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు నివసించిన కొండ అది. స్తూపాల ఆనవాళ్లు, విహారాల పునాదులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. మీరు వెళ్లకపోతే ఒకసారి పిల్లల్ని తీసుకుని వెళ్లి రండి.

రామమూర్తిగారి తండ్రి చిన్న ఉద్యోగి. పిల్లవాడు ఎదగక ముందే జ్వరంతో పోయారు. మేనమామ ఆదుకున్నారు. విజయనగరంలో చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. అక్కడ ఆయనతో చదువుకున్న స్నేహితుడు గురజాడ అప్పారావు. పై చదువు చదవాలని ఉన్నా ఇల్లు గడవాలి. అందుకని 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. అప్పటికి ఆయన ఇంకా కుర్రవాడే.

ఇక్కడ కాసేపు ఆగి చూడండి. చదువు మానేసి పనిలో చేరిన పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. పనిలో చేరాం గదా, ఇంక చదువు అయిపోయిందని వాళ్లూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం. రామమూర్తిగారు అలా అనుకోలేదు. పగలు పిల్లలకు పాఠం చెప్పి, మిగిలిన పొద్దులో సొంతంగా చదువుకున్నారు. 1886లో ఎఫ్.ఏ. పాసయ్యారు. బి.ఏ. 1896లో అయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డిగ్రీ పూర్తి కావడానికి పదహారేళ్లు పట్టింది. ఆలస్యమైందని ఆయన దాన్ని వదల్లేదు. ఆలస్యంగా చేసినా పని పని కిందే లెక్క. మధ్యలో వదిలేస్తే మాత్రం లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి. ఆయన బడిలో చరిత్ర చెప్పేవారు. ముఖలింగం గుళ్ల గోడల మీద పాత శాసనాలు ఉన్నాయి. పాఠం పుస్తకంలో ఉన్నది చెప్పేసి ఊరుకుంటే ఎవరూ అడగరు. ఆయన ఆ పాత అక్షరాలు సొంతంగా చదవడం నేర్చుకున్నారు. జీతం కోసం చేసే పనిని, మనసుకు నచ్చిన పనిని ఒకదానికొకటి ముడి వేశారు. రెండు వేరుగా ఉంటే రెండింటికీ టైం కావాలి. ముడి పడితే ఒకే గంట రెండు పనులకు సరిపోతుంది.

కొండ మీది మాట

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట వైపు, ఒడిశాలో గజపతి, రాయగడ వైపు ఉన్న సవరలు వాళ్ల బంధుకోటే. వాళ్లు సంతకి దిగితే భాష తెలీక తూకంలో మోసపోయేవాళ్లు. కచేరీలో వాళ్ల గోడు వినిపించుకునే దిక్కులేదు. వాళ్ల పిల్లలకు బడి లేదు. ఉన్నా అందులో చెప్పే భాష వాళ్లది కాదు.

రామమూర్తిగారు ఈ జనానికి చదువు చెప్పాలనుకున్నారు. చెప్పాలంటే ముందు వాళ్ల భాష రావాలి. దానికి పుస్తకం లేదు, నేర్పే బడి లేదు. సవర మాట తెలుగు మాటకి చుట్టం కాదు, ఒడియాకీ కాదు. అది ముండా కుటుంబం. మన అరకు కొండల్లో గదబల్లో ఒక వర్గం మాట్లాడే గుతోబ్ కూడా అదే కుటుంబం. తెలుగు చెవికి అందని ధ్వనులు అందులో ఉన్నాయి.

అప్పుడు ఆయన చేసిన ఏర్పాటు చూడండి. ఉద్యోగం చేసుకునే మనిషి రోజూ కొండెక్కి దిగలేడు. అందుకని సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. బడి నుంచి ఇంటికి రాగానే నేర్పే మనిషి ఎదురుగా ఉంటాడు. పని దగ్గరికి మనం పోలేనప్పుడు పనినే మన దగ్గరికి తెచ్చుకోవడం అంటే ఇదే. చాలామందికి టైం లేకపోవడం అసలు అడ్డంకి కాదు. పుస్తకం అటక మీద, ఫోన్ చేతిలో ఉండడమే అడ్డంకి. దగ్గరున్నదే చేస్తాం గదా. పుస్తకాన్ని చాప పక్కన, ఫోన్‌ని అటక మీద పెట్టి చూడండి.

అలా నేర్చుకున్న భాషలో ఆయన వాచకాలు రాశారు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు తయారు చేశారు. తన డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టారు. టీచర్లకు జీతాలు తనే ఇచ్చారు. అన్ని ఊళ్లకీ తానే వెళ్లి అందరికీ తానే చెప్పాలని కూర్చోలేదు. తనకే చేతనయ్యే పని భాషను పట్టుకోవడం, పుస్తకం రాయడం. చెప్పే పని ఇంకొకరు చెయ్యగలరు. కాబట్టి అది వాళ్లకి అప్పగించారు. మన సంఘాల్లో అధ్యక్షుడే జెండా కట్టాలి, అధ్యక్షుడే చాపలు పరవాలి, అధ్యక్షుడే మాట్లాడాలి. ఆయనకి జ్వరం వస్తే ఆ నెల వందనే ఉండదు. ఇది ఆలోచించవలసిన సంగతి.

1911 నాటికి సవర వాచకాలు, సవర-తెలుగు, తెలుగు-సవర నిఘంటువులు సిద్ధమయ్యాయి. మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు. ఆ డబ్బు పెట్టి సవరలకు మంచి బడి పెట్టమని కోరారు. ముప్పై రూపాయల జీతంతో జీవితం మొదలుపెట్టిన మనిషికి ఆ డబ్బు అక్కర్లేకనా? కాదు. తన పని దేనికోసమో ఆయనకు తెలుసు. అది తెలిసిన మనిషికి ఏది ఒప్పుకోవాలో ఏది కాదనాలో తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. మనకి నిర్ణయాల దగ్గర రోజులు రోజులు పోయేది, మన పని దేనికోసమో తేల్చుకోకపోవడం వల్లే.

ఒక గంట లెక్క

సవర భాషా వ్యాకరణాన్ని ఆయన ఇంగ్లీషులో రాశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని 1931లో అచ్చు వేసింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. వ్యాకరణం వెనక దాదాపు 35 ఏళ్ల కృషి ఉంది. అందులో ఎక్కువ భాగం ఉద్యోగం, సంసారం, ఇంకో పెద్ద ఉద్యమం, వీటి మధ్యనే నడిచింది.

మనం ఒక లెక్క వేద్దాం. ఒక మనిషి రోజుకి ఒక్క గంట ఒకే పనికి కేటాయించాడనుకోండి. ఏడాదికి 365 గంటలు. ముప్పై ఏళ్లకి 10,950 గంటలు. రోజుకి 8 గంటల చొప్పున పనిదినాలు కడితే 1,368 రోజులు దాటుతాయి. అంటే మూడేళ్ల తొమ్మిది నెలలు సెలవే లేకుండా ఆ ఒక్క పనే చేసినట్టు. మనలో ఎవరికి మూడేళ్ల తొమ్మిది నెలలు ఖాళీ దొరుకుతుంది? ఎవరికీ దొరకదు. ఒక గంట మాత్రం దొరుకుతుంది. పెద్ద పనులు ఖాళీ దొరికాక చేసేవి కావు. ఖాళీ లేని రోజుల్లోనే చిన్న చిన్న ముక్కలుగా అయ్యేవి.

ధమ్మంలో దీనికి ఒక పేరుంది. అప్పమాదం. అంటే ఏమరుపాటు లేకపోవడం. తథాగతులు మహాపరినిబ్బానానికి ముందు భిక్షువులకు చివరిగా చెప్పిన సంగతి కూడా ఇదే. అన్నీ మారిపోయేవే, అందుకే ఏమరకుండా మీ పని పూర్తి చేసుకోండని. గుడ్డి పరుగు అప్పమాదం కాదు. ఉరుకులు పరుగులు పెట్టేవాడు కూడా ఏమరుపాటులో ఉండొచ్చు. తను ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో తెలిసి చేసేవాడే ఏమరుపాటు లేనివాడు.

తథాగతుల దినచర్యని పాళీ అట్ఠకథలు ఐదు భాగాలుగా చెప్తాయి. భోజనానికి ముందు వేళ, భోజనం తర్వాత వేళ, రాత్రి మొదటి జాము, నడి జాము, చివరి జాము. ఉదయం భిక్షకు వెళ్లేవారు. తర్వాత భిక్షువులకు, ఊరి జనానికి బోధ. రాత్రి మొదటి జాములో భిక్షువుల సందేహాలు తీర్చడం. నడి జాము గురించి అట్ఠకథలు చెప్పే దేవతల మాట మనం పక్కన పెట్టొచ్చు. చివరి జాములో కొంతసేపు నడక, కొంతసేపు విశ్రాంతి, ఆ తర్వాత కూర్చుని ఈ రోజు నా సాయం ఎవరికి అవసరం అని చూసుకోవడం. గమనించారా? రోజు మొదలయ్యే ముందు ఆయన చూసుకున్నది ఎన్ని పనులున్నాయని కాదు, ఎవరికి అవసరం అని. ఏది ముందో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలత లేదు.

తెలుగు కోసం ఇంకో పోరాటం

1911లో రామమూర్తిగారు ఉద్యోగం నుంచి రిటైర్ అయ్యారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి. ఇక అరుగు మీద కూర్చుని విశ్రాంతి తీసుకోవచ్చు. ఆయన మాత్రం అప్పటికే తలకెత్తుకున్న రెండో పనికి ఆ టైం అంతా ఇచ్చారు.

అప్పట్లో బడి పుస్తకాల తెలుగు ఎవరూ మాట్లాడని తెలుగు. పిల్లలు దాన్ని అర్థం చేసుకోలేక బట్టీ పట్టేవాళ్లు. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని ఆయన, గురజాడ, ఇంకొందరు పట్టుబట్టారు. పండితులు గట్టిగా ఎదిరించారు. పరీక్షలో వాడుక తెలుగులో వ్యాసం రాయొచ్చని ఒకసారి అనుమతి వచ్చింది, పండితుల గొడవ వల్ల అది వెనక్కిపోయింది. ఆయన వెనక్కి పోలేదు. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. 1919లో తెలుగు అనే పేరుతో పత్రిక నడిపారు. గెలుపు ఆయన బతికుండగా పూర్తిగా చేతికి రాలేదు. కాని ఈ రోజు మీరు చదువుతున్న ఈ చిన్న పుస్తకం మీకు అర్థమయ్యే తెలుగులో ఉందంటే అందులో ఆయన చెమట ఉంది.

మనకి ఇంకో కథ గుర్తు రావాలి. వినయ పిటకంలో ఉంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి భిక్షువులైన ఇద్దరు అన్నదమ్ములు తథాగతుల దగ్గరికి వచ్చి, ఆయన బోధను ఛందస్సు భాషలోకి మారుస్తామని అడిగారు. తథాగతులు ఒప్పుకోలేదు. ధమ్మాన్ని ఎవరి భాషలో వాళ్లు నేర్చుకోవాలని చెప్పారు. రెండున్నర వేల ఏళ్ల కిందట చెప్పిన ఆ సంగతినే, తెలిసో తెలియకో, ఈ పెద్దాయన సవర పిల్లల దగ్గర ఒకసారి, తెలుగు పిల్లల దగ్గర ఒకసారి చేసి చూపించారు.

చెవికి పడిన దెబ్బ

ఆయన జీవితంలో నష్టం కూడా ఉంది. దాచుకోకుండా చెప్పుకోవాలి. సవర ఊళ్లు తిరిగే రోజుల్లో మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడగా వాడగా వినికిడి దెబ్బతింది. భాష వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవి పోవడం ఎంత నష్టమో చూడండి. అయినా పని ఆపలేదు.

ఈ పట్టుదలని మెచ్చుకోవాలి. కాని మనం అనుకరించవలసింది పట్టుదలని, జబ్బుని కాదు. మలేరియా మన ఏజెన్సీలో ఇప్పటికీ ఉంది. జ్వరం వస్తే సంత ఉందనో కోత ఉందనో రక్త పరీక్ష వాయిదా వేసేవాళ్లు మనలో ఉన్నారు. అది శ్రద్ధ అనిపించుకోదు. బాబాసాహెబ్ కూడా చదువులో, పనిలో పడి తిండి నిద్ర లెక్క చెయ్యలేదు. మధుమేహం ఆయన శరీరాన్ని తినేసింది. 1956 డిసెంబర్ 6న, 65 ఏళ్లకే వెళ్లిపోయారు. నాగపూర్‌లో దీక్ష తీసుకుని అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆయన ఇంకో పదేళ్లు ఉంటే మన ధమ్మ ఉద్యమం ఎలా ఉండేదో ఊహించండి. మధ్యేమార్గం అంటే టైం విషయంలోనూ మధ్యేమార్గమే. నిద్రకీ, తిండికీ, వైద్యానికీ ఇచ్చే టైం వృథా కాదు.

డెబ్భై దాటాక

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది. రామమూర్తిగారికి అప్పటికి 72 ఏళ్లు. 56 ఏళ్లుగా ఉంటున్న ఊరు. అది తెలుగు నేలలో ఉండాలని వాదించినవారాయన. వాదన గెలవలేదు. ఆయన ఆ ఊరు విడిచిపెట్టి రాజమహేంద్రవరం వచ్చేశారు.

ఆ వయసులో ఇల్లు, ఊరు పోతే ఎవరైనా కుంగిపోతారు. అయితే ఒకటి చూడండి. సవర నిఘంటువు అచ్చయింది 1938లో. అంటే ఊరు పోయింది గాని పని పోలేదు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. చివరి రోజుల్లో కూడా పత్రికల వాళ్లకి వాడుక భాష గురించి చెప్తూనే ఉన్నారు. ఆయన పెట్టిన సవర పనిని కొడుకు సీతాపతి అందుకుని ముందుకు తీసుకెళ్లారు. ఆయన పుట్టిన రోజుని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

అదే 1936లో ఇంకో పని జరిగింది. దీని గురించి ఎక్కువమందికి తెలీదు. సవర జాతిలో పుట్టిన మంగేయ్ గొమాంగో తన భాషకి సొంత లిపి తయారు చేశారు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. బయటి మనిషి ఎంత మంచివాడైనా దారి మొదలు వరకే తోడు వస్తాడు. మిగిలిన దారి ఆ జనంలోంచి వచ్చినవాళ్లే నడవాలి. బాబాసాహెబ్ మనకి జీవితమంతా చెప్పింది ఇదే గదా.

మన పుస్తకంలో ఆయన ఎందుకు?

మీలో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. బ్రాహ్మణ కులంలో పుట్టిన మనిషి జీవితం అంబేడ్కరైట్ బౌద్ధుల పుస్తకంలో ఎందుకు? ఆయన కుల వ్యవస్థని కూలదోయడానికి బయలుదేరినవాడు కాదు. అది నిజం. ఆయన్ని బోధిసత్వుడని మనం అనడం లేదు.

కాని పుట్టుకని బట్టి కాదు, చేసే పనిని బట్టే మనిషి అని తథాగతులు వసల సుత్తంలో చెప్పారు. ఆ కొలత మనకి అనుకూలమైనప్పుడు మాత్రమే వాడి, మిగతా వేళ పక్కన పెడితే అది ధమ్మం కాదు. కొండ పిల్లవాడి నోటి మాట కోసం తన జీవితంలో మూడున్నర దశాబ్దాలు పెట్టిన మనిషి దగ్గర మనం నేర్చుకోవచ్చు. ఇంకా గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మన పిల్లల కోసం, మన కొండల కోసం బయటి మనిషి అంత టైం ఇవ్వగలిగితే, సొంతవాళ్లమైన మనం ఎంత ఇస్తున్నాం?

ఈ వారం ఏం చేద్దాం?

అష్టాంగ మార్గంలో సమ్మా వాయామం నాలుగు రకాలని మీకు తెలుసు. రాని చెడుని రానివ్వకపోవడం, వచ్చిన చెడుని వదిలెయ్యడం, లేని మంచిని మొదలుపెట్టడం, ఉన్న మంచిని నిలబెట్టడం. దీన్నే మన రోజుకి అన్వయించుకుందాం.

మొదటిది, రానివ్వకూడనిది. తీర్చలేని అప్పు, చెయ్యలేని మాట. ఎవరేం అడిగినా సరేనని తల ఊపేస్తే రేపటి గంట ఈ రోజే అమ్ముకున్నట్టు. గొత్తి పద్ధతి పోయింది. మనకి మనం కొత్త గొత్తి కట్టుకోవద్దు. కాదని మర్యాదగా చెప్పడం నేర్చుకోవాలి.

రెండోది, వదిలెయ్యవలసింది. ఐదో శీలంలో మత్తు పదార్థాలని వద్దన్నది ఊరికే కాదు. అవి ప్రమాదానికి, అంటే ఏమరుపాటుకి ఇల్లు అని ఆ శీలంలోనే ఉంది. సంత రోజు సాయంత్రం సారా దగ్గర, జీలుగు కల్లు దగ్గర పోయేది డబ్బొకటే కాదు. ఆ సాయంత్రం పోతుంది, మర్నాడు పొద్దున్న పోతుంది, ఇంట్లో ఆడమనిషి నిద్ర పోతుంది. ఈ కాలంలో ఫోన్ కూడా ఒక రకం కల్లే. ఎంతసేపు తాగామో తెలీదు.

మూడోది, మొదలుపెట్టవలసింది. ఒక్క పని ఎంచుకోండి. పది కాదు, ఒక్కటే. పిల్లతో కూర్చుని చదివించడం కావొచ్చు, ధమ్మ గ్రంథం రోజుకి రెండు పేజీలు కావొచ్చు, ఆగిపోయిన పదో తరగతి మళ్లీ కట్టడం కావొచ్చు, మీ అవ్వ చెప్పే కువి పాటలో, గదబ మాటలో నోట్‌బుక్‌లో రాసిపెట్టడం కావొచ్చు. దానికి రోజులో ఒక వేళ కట్టండి. గంట లేకపోతే అరగంట. కోతల కాలంలో పావుగంట. తగ్గించుకోండి గాని ఆపొద్దు. వర్షావాసం మూడు నెలలూ భిక్షువులు ఒకచోటే నిలిచి ఉంటారు. అలాగే ఒక పనిలో కొంతకాలం నిలిచి ఉండండి.

నాలుగోది, నిలబెట్టవలసింది. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు కూర్చుని శ్వాస చూసుకుని, రేపు నా సాయం ఎవరికి ముందు అవసరం అని అడుగుకోండి. ఆ మనిషికి సంబంధించిన పనిని రేపటి మొదటి పనిగా పెట్టుకోండి. మిగతావి దాని వెనక వరసలో నిలబడతాయి.

ఇంట్లో మగవాళ్లకి ఒక మాట. మీ ఇంటి ఆడవాళ్లకి ఒక గంట దొరకాలంటే నీళ్లో కట్టెలో మీరు మొయ్యాలి. వాళ్ల గంట మీద నిలబడి మనం ధమ్మం చదువుకుంటే అది సమత కాదు. వాళ్ల గంట వాళ్లకి తిరిగి ఇవ్వడం కూడా దానమే.

కాఫీ తోటలో నీడకి సిల్వర్ ఓక్ చెట్లు నాటి, వాటి మీదికి మిరియాల తీగ పాకించిన మీకు కొత్తగా చెప్పేదేముంది? నాటిన ఏడాది కాఫీ రాదు. నీడ చెట్టు ఎదగాలి, మొక్క నిలదొక్కుకోవాలి, ఆ తర్వాత కొన్నేళ్లకి పండు. అప్పటిదాకా ఎవరూ చూడకపోయినా కలుపు తీస్తూనే ఉంటారు. మన పిల్లల చదువు, మన ధమ్మ సాధన అలాంటి తోటలే. ఈ రోజు పనిని రేపటికి నెట్టకుండా ఆ తోటలో ఒక గంట పెట్టండి.

వచ్చే ఆదివారం వందనకి వచ్చేటప్పుడు మీరు ఎంచుకున్న ఆ ఒక్క పని ఏమిటో పక్కవాళ్లకి చెప్పండి. వాళ్లది అడగండి. ఆ నలభయ్యో పేజీ గుర్తుని ముందుకి జరపండి.

నమో బుద్ధాయ! జై భీమ్!